గురికాండ్ల సావడి ఎడమ తలుపు

1958 అక్టోబరు 21, మంగళవారం, మహర్నవమి. ఆ పొద్దు తిప్పన్న తిన్నది రాత్రి మిగిలిన రాగి సంగటి, చెనిక్కాయల ఊరుమిండి పచ్చడి, ఒక ఎర్రగడ్డ. బెల్లం లేదు. మహర్నవమి నాడు సంగటి ముద్ద పక్కన హిందూపురం బెల్లం ముక్క లేకపోవడం ఎన్నో ఏళ్లలో అదే మొదలు. తిని, చెయ్యి కడుక్కుని, ఖాళీ పళ్లెం వంక కాసేపు చూసి, నారి పేనడానికి కూర్చున్నాడు.

నానబెట్టిన కిత్తనార కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, రెండు అరచేతుల మధ్య నలుపుతూ పేనుతున్నాడు. అరవైకి దగ్గర పడ్డ పొట్టి మనిషి. వీపు కొంచెం వంగింది. అరచేతులు మాత్రం ఎద్దు గిట్టల్లా గట్టిపడి నున్నగా మెరుస్తాయి. మిగతా రోజుల్లో ఆ చేతులు ఎడ్లకు పగ్గాలు, దూడలకు తలుగులు, మంచాలకు నులక పేనుతాయి. దసరా వస్తే వింటినారులు పేనుతాయి. వాళ్ల నాయన పని అదే. ఆయన నాయన పనీ అదే.

ఆయన కూర్చున్నది పెనుకొండలో, కొండ మొదట్లో, కూలిన కోటగోడకు ఆనుకుని ఉన్న గురికాండ్ల సావడిలో. రాతి స్తంభాల మీద మట్టి మిద్దె. ముందు అరుగు, వేపమాను చెక్కతో చేసిన రెండు తలుపులు. అది ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు. రాయల కాలంలో ఊరి గోడ మీద రాజుగారి సైన్యమే కాక ఊరివాళ్లు కూడా కాపలా కాసేవారని పెద్దలు చెప్పేవారు. వీధికి ఇద్దరు చొప్పున విల్లు పట్టేవారట. కుమ్మరి, బోయ, కురుబ, సాలె, ఊరి బయట అంటరానివాళ్ల పాలెం అన్న తేడా లేకుండా గురి కుదిరినవాడల్లా ఆ కూటంలో చేరవచ్చునట. తరవాత కుంపిణీవాళ్లు వచ్చారు. ఉన్న నాలుగు తుపాకులు పట్టుకుపోయి, విల్లులను చూసి నవ్వి వదిలేశారు. గోడ కూలింది, కాపలా పోయింది. దసరా నాడు అరటి బోదె మీద బాణం వేసే వేడుక మాత్రం మిగిలింది. దానితో పాటు ఒక నియమం మిగిలింది.

సావడి వెనక గోడకు మనిషికొకటి చొప్పున కొయ్యమేకులు ఉన్నాయి. కాపలా నుంచి వచ్చినవాడు తన విల్లు తన మేకుకు తగిలించాలి. పొద్దు గూకాక సావడి పెద్ద మేకులన్నీ చూసి, అన్ని విల్లులూ వచ్చి ఉంటేనే రెండు తలుపులూ మూయించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఎడమ తలుపు తీసే ఉంచాలి, రావలసినవాడి కోసం. చనిపోయినవాడి విల్లును ఇంటివాళ్లు తెచ్చి, నారి విప్పి తగిలిస్తారు. అదీ వచ్చినట్టే లెక్క.

యోహాను మేకు పద్దెనిమిదేళ్లుగా ఖాళీగా ఉంది.

అందుకే ఎడమ తలుపు పద్దెనిమిదేళ్లుగా తెరిచి ఉంది. గాలికి కొట్టుకోకుండా దానికి ఒక గుండ్రాయి అడ్డం పెట్టారు. రోలంత రాయి. దాని మీద కూర్చుని లేచిన జనం వల్ల పైన కొంచెం గుంట పడింది. తెరిచిన తలుపుకు కాపలా మనిషి కావాలి గనుక తిప్పన్న చాప అక్కడికే వచ్చింది. భార్య నీలావతి బతికి ఉన్నప్పుడు, "నన్ను చేసుకుంటివో, ఆ తలుపును చేసుకుంటివో" అని దెప్పేది. ఆమె పోయాక ఇంటికి వెళ్లే పని కూడా తగ్గింది. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో ఉన్న మేనకోడలు కమలాక్షి, "ఈడికొచ్చి పోగులు చుట్టుకుంటా కూర్చో మామా, వేడన్నం తిందువు" అని ఏటా పిలుస్తుంది. "తలుపు మూసి వస్తా" అంటాడు. ఏటా అదే మాట.

తెరిచిన తలుపు వల్ల మంచి జరగలేదని కాదు. వానలో చిక్కుకున్న గొర్రెల కాపరులు, బండి తప్పిపోయిన బాలింత, దేశం తిరిగే జంగమయ్య, తాగి ఇంటికి పోలేని మంగలి ఆ లోపల పడుకుని తెల్లారి లేచి పోయినవాళ్లే. ఒకసారి ఎవరిదో తెలియని మేక ఈని, రెండు పిల్లలను తిప్పన్న చాప మీద వదిలింది.

నారి పేనడం అయింది. ఇక నడిమి కట్టు. ధర్మవరంలో మగ్గాల కింద తెగిపడిన పట్టుపోగులను కమలాక్షి మూట కట్టి ఇస్తుంది. ఒక్కొక్కరి నారికి ఒక్కొక్క రంగు. తిప్పన్న మూటలోంచి చిలకపచ్చ పోగు తీశాడు. అది యోహానుది. హిందూపురం సంతకు పగ్గాలు తీసుకుపోయే బండివాడి చేత అక్కడి బెల్లం మండీలో ఉన్న యోహానుకు తిప్పన్న ఏటా ఒక చిలకపచ్చ నారి పంపేవాడు. సావడి పెద్దకు ఆ సంగతి చెప్పలేదు. మహర్నవమికి ముందే అదే బండిలో యోహాను దగ్గర్నుంచి బెల్లం వచ్చేది. ఈసారి బండివాడు వట్టి చేతులతో వచ్చి, "మండీ కాడ ఆయప్ప అగుపడలా" అన్నాడు.

ఎండ అరుగు ఎక్కేసరికి సహకార సంఘం గుమాస్తా చెన్నకేశవులు వచ్చాడు. చేతిలో కొత్త గొళ్లెం, తాళం. కూటంలో మిగిలింది ఏడుగురు. అందరూ ముసలివాళ్లే. కప్పు కురుస్తోంది, బాగు చేయించే స్తోమత లేదు. దసరా కాగానే సావడిని సంఘానికి గోడౌనుగా ఇవ్వడానికి అందరూ ఒప్పుకున్నారు. ఇక మీదట ఏ రాత్రి ఏ తలుపు మూయాలో సంఘమే చూసుకుంటుంది.

చెన్నకేశవులు ఎడమ తలుపును తోసి చూశాడు. అది కదల్లేదు.

"ఏమప్పా తిప్పన్నా, సిమెంటు పోసినారా దీనికి?"

"మన్ను పేరుకోనుండాది. తవ్వితే వస్తాది."

"తవ్వు మల్ల. ఎల్లుండి చెనిక్కాయ మూటలొస్తాయి. తలుపు తీసి పెడితే రైతులకు గాదు, ఎలుకలకు సంఘం పెట్టినట్లయితాది."

గొళ్లెం అరుగు మీద పెట్టి అతను పోతుండగా తిమ్మరాజు వచ్చాడు. సావడి పెద్ద. డెబ్బై దాటిన, పొడుగాటి, ఎముకల మనిషి. ఎండ ఉన్నా లేకున్నా చంకలో నల్ల గొడుగు ఉంటుంది. పొలం, ఇల్లు, మాట అన్నీ గట్టిగా ఉన్నవాడు. గుండ్రాయి మీద కూర్చుని, గొళ్లెం చూసి, ఖాళీ మేకు చూసి, గొంతు తగ్గించాడు.

"చూడు తిప్పా. మా ఇంట్లో వెదురుండాది. పొద్దు గూకే లోపల ఒగ విల్లు వంచి ఆ మేకుకు తగిలిచ్చు. ఈ రెండు దినాలన్నా రెండు తలుపులూ మూసినట్లుంటాది. ఎవురడగొచ్చినారు?"

"ఎవురూ అడగరన్నా."

"మల్లేమి?"

"ఆ విల్లు కింద నాకు నిద్ర పట్టదు."

"పట్టకపోతే మా ఇంటి కాడికొచ్చి పండుకో."

తిప్పన్న పట్టుపోగును పళ్లతో తెంపి, ముడి వేశాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు పిలిస్తే వస్తానన్న్యాడు యోహాను. ఆ మాట చానా తూర్లు నీకు చెప్పినా. ఇంగ రెండు దినాలే. నేను మధ్యాన్నం బండికి హిందూపురం పోతాండా."

"పో. పొమ్మన్న్యోడే పోయి పిలుస్తాడా యాడన్నా?"

"పిలవాల్సింది పొమ్మన్న ఆయనే గదన్నా."

తిమ్మరాజు గొడుగు చంకలో సర్దుకుని అరుగు దిగి వెళ్లిపోయాడు.

యోహాను ఒకప్పుడు పాలెం ఈరన్న. కూటంలో అంత గురి ఉన్నవాడు మరొకడు లేడు. కదిలే కుండ మీద గీసిన సున్నపు చుక్కను కొట్టేవాడు. క్రైస్తవంలో కలిసి పేరు మార్చుకున్న ఏడు, దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కకుండా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. "మొక్కనోనికి ఈడేం పని? విల్లు మేకుకు పెట్టి పో" అన్నాడు అప్పటికి కొత్తగా పెద్ద అయిన తిమ్మరాజు. యోహాను గొడవ పడలేదు. విల్లు భుజానికి తగిలించుకుని, "తిరిగొచ్చినంక పెడతాలే" అని నవ్వి, నడిచి వెళ్లిపోయాడు. పొమ్మన్న తిమ్మరాజుకు కోపం దిగింది గానీ మాట దిగలేదు. ఆ రాత్రి ఎడమ తలుపును మూయబోతున్న చేతిని తనే ఆపుకున్నాడు. నియమం నియమమే గదా.

పెనుకొండ స్టేషనులో చింతచెట్టు కింద బెంచీ మీద నల్ల గొడుగు కనిపించింది. తిప్పన్న దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"హిందూపురంలో కంటి డాక్టరుండాడంట" అన్నాడు తిమ్మరాజు పట్టాల వైపు చూస్తూ. "ఈ నడుమ సూదిలో దారం పోతాండ్లేదు."

"నీకు సూదితో ఏం పనన్నా?"

"మూసుకొని కూర్చోబ్బా."

బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కిటికీ బయట చేలల్లో చెనిక్కాయ చెట్లు పీకుతున్నారు. తిమ్మరాజు ఒకసారి, "వానికి పిల్లలా?" అని అడిగాడు. "లేరన్నా." ఇంకొంత దూరం పోయాక, "ఏం పని చేస్తాండాడు?" అని అడిగాడు. "బెల్లం మండీలో కావలి." తిమ్మరాజు తలాడించాడు. అన్నేళ్లలో ఆయన యోహాను గురించి అడగడం అదే మొదటిసారి.

మండీ వెనక సందులో రేకుల పంచ. పంచలో గోనెపట్టా మీద చింతపండు కుప్ప. దాని ముందు యోహాను భార్య ఎస్తేరమ్మ కూర్చుని చిన్న సుత్తితో కాయలు కొట్టి గింజ తీస్తోంది. చేతులకు, మెడకు ఏమీ లేవు. తిప్పన్నను చూసి సుత్తి కింద పెట్టింది.

"వస్తివా అన్నా" అంది. "ఆగస్టు నెలాఖర్న పోయినాడు. జరమొచ్చింది, అంతే. ఎవురితో చెప్పంపేది? బండి ఆయప్ప కాడికి పోదామంటే నాకు కాళ్లు రాలేదు."

తిప్పన్న పంచ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. సంగటి తింటున్నప్పుడే తనకు తెలుసునని అప్పుడు అనిపించింది. పంచెలో చెక్కుకున్న కొత్త నారి నడుముకు గట్టిగా తగిలింది.

వెనక నిలబడ్డ తిమ్మరాజు గొడుగు మూశాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు.

"ఈ పెద్దాయనెవురన్నా?"

"తిమ్మరాజు" అన్నాడు తిప్పన్న.

ఎస్తేరమ్మ తల పైకెత్తి ఆయన్ను కాళ్ల నుంచి తలదాకా చూసింది. "నువ్వేనా? ఇంగా లావుగా ఉంటావనుకొంటి. ఆయన చెప్పేదాన్ని బట్టి."

"తిడతాండెనా?" అడిగాడు తిమ్మరాజు.

"పండగ పండక్కూ. తిట్టి, సావడి ఎట్లుండాదో, నీకు బాగుండాదో లేదో బండి ఆయప్పనడిగి కనుక్కుంటాండె."

తిమ్మరాజు మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం ఆగింది. ఆయన చెయ్యి చాచి అందుకుని, పెదవులకు ఆనించి చెంబెడూ తాగేశాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. పద్దెనిమిదేళ్లు మోసిన మాట బయటికి వచ్చేటప్పుడు అంత పెద్దగా లేదు.

"నేను పొమ్మంటినమ్మా. నేనే పిలిచేకి వచ్చినా. మనిషి లేడు. విల్లునన్నా ఇంటికి రానియ్యి."

ఎస్తేరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరవాత ఆమె ముఖంలో నవ్వులాంటిది ఒకటి వచ్చింది.

"జరంలో ఒగ మాట చెప్పినాడు. తిమ్మరాజొచ్చి అడిగితే ఇయ్యి, అడక్కుంటే నా పక్కన పూడ్చు అన్న్యాడు. నాకు పూడ్చేకి చేతులు రాలేదు, యాలంటే ఇంగా అడగలేదు గదా అనుకొంటి. ఇంగొగటి గూడా చెప్పినాడు. యెంటనే ఇయ్యొద్దు, ఒగ గంట కూర్చోబెట్టి ఇయ్యి అన్న్యాడు."

"గంటేనా?"

"గంటే."

"తక్కువే చెప్పినాడు" అని తిమ్మరాజు గోనెపట్టా మీద, ఆమెకు ఎదురుగా, పంచె సర్దుకుని కూర్చున్నాడు.

చేతులు ఊరికే పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటాడు. కాసేపటికి ఒక చింతకాయ తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టాడు. "పీచు గూడా తియ్యాల పెద్దాయనా. మండీవాళ్లు ఒప్పుకోరు" అంది ఎస్తేరమ్మ. ఆయన పీచు తీశాడు. తిప్పన్న కూడా కూర్చున్నాడు. మాటలు వాటంతట అవే వచ్చాయి. యోహాను నారి నడుమ గుడ్డ ముక్క కట్టి, మట్టి ఉండలు వేసి, బెల్లం మీదికి వచ్చే కోతులను తోలేవాడట. ఒక్క కోతికీ ఒక్క ఉండ తగల్లేదట. "ఇదేనా నీ గురి అని షావుకారు నగేటోడు. ఎప్పుడు చూసినా జానెడు పక్కనే పడేది. యాలయ్యా అంటే, దాని రొమ్మున పిల్ల ఉండాది చూడు అనేటోడు" అంది.

తిమ్మరాజు గింజలను ఒక పక్కకు, పండును ఒక పక్కకు జరిపాడు. వేళ్లు పులుపెక్కి జిగటగా అయ్యాయి. తల ఎత్తలేదు.

గంట దాటిపోయి ఉంటుంది. ఎవరూ అడగలేదు. ఎస్తేరమ్మ లేచి లోపలికి వెళ్లి, పాత దుప్పట్లో చుట్టిన విల్లుతో వచ్చింది. ఇంటివాళ్లే తగిలించాలి గనుక తలుపుకు గడియ పెట్టి తనూ బయల్దేరింది. మండీ ముందర ఆగి, కొంగు ముడి విప్పి, ఒక బెల్లం ముక్క కొని తిప్పన్న చేతిలో పెట్టింది. "ఈ ఏడు ఆలిశమైంది" అంది.

సాయంత్రం బండిలో విల్లు ముగ్గురి మోకాళ్ల మీదా అడ్డంగా ఉంది. ఎదుటి బల్ల మీది మనిషి, "ఏమిదప్పా, దూది ఏకేదా?" అని అడిగాడు.

"కాదబ్బా" అన్నాడు తిమ్మరాజు. "మా సావడోని విల్లు."

కంటి డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు.

సావడికి చేరేసరికి కొండ మీద కొంచెం వెలుతురు మిగిలి ఉంది. తిప్పన్న దీపం వెలిగించి, గడ్డపారతో ఎడమ తలుపు కింది మన్ను తవ్వాడు. ఏళ్ల తరబడి కొట్టుకొచ్చిన మన్ను పొరలు పొరలుగా లేచింది. అందులో ఒక గాజు ముక్క, మేకపిల్ల మెడ గంట ఒకటి దొరికాయి. తలుపు తిరిగే రాతి గుంటలో ఆముదం పోశాడు. తరవాత దుప్పటి విప్పి విల్లు చేతిలోకి తీసుకున్నాడు. తను నిరుడు పంపిన నారే. నడుమ చిలకపచ్చ పట్టు మాసి, గుడ్డ ముక్క కట్టిన చోట నలిగి ఉంది. మోకాలితో విల్లు వంచి నారి విప్పాడు. వెదురు నెమ్మదిగా తన నిడివికి తాను సాగింది.

ఎస్తేరమ్మ దాన్ని మేకుకు తగిలించింది. చెయ్యి వెంటనే తీయలేదు. తిప్పన్న పంచెలోంచి కొత్త నారి తీసి ఆమెకు ఇచ్చాడు.

"ఈ ఏటిది. ఆయనదే."

"ఇదేం చేసుకునేదన్నా?"

"ఉంచుకో. గుడ్డలన్నా ఆరేసుకోవచ్చు."

ఆమె దాన్ని చుట్టగా చుట్టి కొంగులో ముడి వేసుకుంది.

తిమ్మరాజు దీపం ఎత్తి పట్టుకుని గోడ పొడుగునా నడిచాడు. బతికినవాళ్ల ఏడు విల్లులు, నారి విప్పినవి మిగతావి. ఖాళీ మేకు లేదు. పెద్దలు రోజూ అనవలసిన మాట ఒకటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆయన నోటికి రాని మాట.

"అందరూ వచ్చినారు" అన్నాడు.

దీపం తిప్పన్నకు అందించి, మామూలు గొంతుతో, "పదమ్మా, మా ఇంటికి. మా ఇంటామె పార్వతమ్మ ఓళిగలు చేసి పెట్టుంటాది. రేపు జమ్మి చూసుకొని పోదువులే" అన్నాడు ఎస్తేరమ్మతో. తిప్పన్న వైపు తిరిగాడు. "నువ్వు యాడ పండుకొంటావు?"

"ఈ పొద్దుకు అరుగు మీద. పండగ కానీ, ధర్మవరం పోతా. కమలాక్షి పిలుస్తానే ఉండాది."

తిమ్మరాజు తలాడించి, "మూయి తిప్పా" అన్నాడు. ఆయన గొడుగు, ఆమె తెల్లచీర సందు మలుపులో కలిసిపోయాయి.

తిప్పన్న చాప చుట్టి అరుగు మీద పెట్టాడు. రెండు చేతులతో గుండ్రాయిని దొర్లించి, గడప దాటించి, బయటికి తెచ్చాడు. అది కదిలిన చోట నేల తెల్లగా, మెత్తగా ఉంది. దీపం ఆర్పాడు. ముందు కుడి తలుపు లాగాడు. తరవాత ఎడమ తలుపు కడియం పట్టుకుని లాగాడు. అది మొరాయించలేదు. ఆముదం మీద జారుతూ వచ్చి, కుడిదాని పక్కన మెల్లగా ఆనుకుంది. లోపలి చీకటి లోపలే ఉండిపోయింది.

బెల్లం ముక్క కొంచెం కొరికి నోట్లో వేసుకుని తిప్పన్న చాప పరుచుకున్నాడు. గడప పక్కన ఆ గుండ్రాయి, దేనికీ అడ్డం పడే పని లేకుండా, నడుమ గుంటలో ఇంకా పగటి వేడితో, ఉంది.